కాన్సస్ నుంచి బ్రెకెన్‌రిడ్జ్‌కి కారులో: టైరు చైన్లు కొనేముందు చూసుకోవాల్సినవి

ప్రశ్న: మేం కాన్సస్ సిటీ పక్కన ఓవర్‌ల్యాండ్ పార్క్‌లో ఉంటాం. గుంటూరు నుంచి అమ్మానాన్న వచ్చారు. వాళ్ళకి మంచుకొండలు చూపిద్దామని డిసెంబరు ఆఖరి వారంలో కొలరాడో కొండల్లోని బ్రెకెన్‌రిడ్జ్‌లో ఇల్లు బుక్ చేశాం. సాయంత్రం ఆఫీసు అయ్యాక బయలుదేరి రాత్రంతా నడిపితే తెల్లారేసరికి డెన్వర్, మధ్యాహ్నానికి బ్రెకెన్‌రిడ్జ్ చేరొచ్చని ఆలోచన. కారు 2017 క్యామ్రీ. ఆల్ సీజన్ టైర్లు 38 వేల మైళ్ళు తిరిగాయి. నాన్నకి బీపీ ఉంది, అమ్మ ఇన్సులిన్ తీసుకుంటుంది, పాపకి నాలుగేళ్ళు. మా ఆవిడకి వెయిల్ పాస్ అనే కనుమదారి అంటే చచ్చేంత భయం. మంచులో జారకుండా టైర్లకి చుట్టే చైన్లు కొంటే సరిపోతుందా, ఎస్‌యూవీ అద్దెకి తీసుకోవాలా?

జవాబు: ముందు మీ ఆవిడగారి భయం తీర్చేద్దాం. వెయిల్ పాస్ మీ దారిలో లేదు. డెన్వర్ నుంచి ఐ-70 మీద పడమరగా వెళ్ళి, ఐజన్‌హోవర్ టన్నెల్ దాటి, ఫ్రిస్కో దగ్గర 203వ ఎగ్జిట్‌లో దిగి, 9వ నంబరు రోడ్డు పట్టుకుని దక్షిణంగా పది మైళ్ళు పోతే బ్రెకెన్‌రిడ్జ్. వెయిల్ పాస్ అక్కణ్ణుంచి ఇంకా పడమరన ఉంటుంది. మీరు ఎక్కేది టన్నెల్ దాకా, 11,000 అడుగుల పైచిలుకు. తక్కువ ఎత్తేమీ కాదు. కానీ ఆ దారి పొడవునా కెమెరాలు, మంచు తోసే ప్లౌలు, మంచు కరిగించే మందు చల్లే ట్రక్కులు, పోలీసులు ఉంటారు. మీ ఉత్తరం చదివితే మాకు గుబులు పుట్టింది ఆ 80 మైళ్ళ కొండదారిని చూసి కాదు. దానికి ముందున్న 600 మైళ్ళ చదును నేలని రాత్రి పూట, పనిచేసి అలసిపోయి, ఇద్దరు పెద్దవాళ్ళతో, పసిపిల్లతో దాటేస్తామన్న మాటకి.

మన భాషలో మంచు ఒకటే మాట. లంబసింగి పొగమంచూ మంచే, తెల్లారి గడ్డి మీద మెరిసేదీ మంచే, రోడ్డు మీద గడ్డకట్టేదీ మంచే. స్టీరింగ్ పట్టుకున్నవాళ్ళకి మాత్రం ఇవి వేరువేరు. కొత్తగా పడ్డ మెత్తటి మంచులో టైరుకి కొంత పట్టు దొరుకుతుంది. బండ్లు తొక్కి గట్టిపరిచిన మంచు అంతకన్నా జారుతుంది. 32 డిగ్రీల ఫారన్‌హీట్ చుట్టుపక్కల, పైన సన్నటి నీటి పొరతో ఉండే ఐస్ అన్నిటికన్నా చెడ్డది. ఎముకలు కొరికే సున్నా డిగ్రీల్లో (ఇక్కడ చెప్పే డిగ్రీలన్నీ ఫారన్‌హీట్‌లోనే) ఉండే ఐస్ కన్నా ఇదే ఎక్కువ జారుతుంది. ఇక పశ్చిమ కాన్సస్, తూర్పు కొలరాడో మైదానాల్లో ఎదురయ్యేది ఇంకో రకం. ఆకాశం నుంచి పడేది కాదు, నేల నుంచి లేచేది.

నేషనల్ వెదర్ సర్వీస్ లెక్కలో బ్లిజార్డ్ అంటే గంటకి 35 మైళ్ళు, ఆపైన గాలి. పావు మైలుకి మించి కనపడకపోవడం. ఈ రెండూ కనీసం 3 గంటలు ఉండటం. ఎన్ని అంగుళాలు పడాలన్న షరతే అందులో లేదు. నిన్న పడి ఆగిపోయిన 3 అంగుళాల మంచుని ఈరోజు గాలి లేపితే చాలు, నెత్తిన ఎండ కాస్తుండగానే ముందున్న కారు మాయమైపోతుంది. దీన్నే గ్రౌండ్ బ్లిజార్డ్ అంటారు. ఫోన్లో ఆ రోజుకి సూర్యుడి బొమ్మే కనిపిస్తుంది. అందుకే ఆ దారిలో వెళ్ళేవాళ్ళు ముందు గాలి చూడాలి, మంచు తర్వాత. హేస్, గుడ్‌ల్యాండ్, లైమన్ మూడు ఊళ్ళకీ గంటగంటకీ గాలి ఎంతో వెదర్ సర్వీస్ సైట్లో దొరుకుతుంది. నేల మీద వదులు మంచు ఉండి, గాలి విసుర్లు 40 దాటేలా ఉంటే ఆ పూట బయలుదేరకండి.

గాలి ఇంకో మోసం కూడా చేస్తుంది. మైళ్ళకి మైళ్ళు రోడ్డు పొడిగా, నల్లగా ఉంటుంది. దాని మీంచి పాములా పాకే మంచు పొగ వట్టి వినోదంలా కనిపిస్తుంది. ఎండకి కాస్త వెచ్చబడ్డ తారు మీద ఆ పొడి కరిగి, మళ్ళీ గడ్డకట్టి, అక్కడక్కడా ఐస్ పలకలవుతుంది. వంతెనల మీద ఇది ముందే వస్తుంది, ఎందుకంటే వాటికి కింద నుంచి కూడా చల్లగాలే తగులుతుంది. పొడి రోడ్డు కదా అని, వేగాన్ని తనే నిలిపే క్రూజ్ కంట్రోల్ 75కి పెట్టి కూర్చున్న కారు ఆ పలక మీదకి ఎక్కితే, జారే చక్రాన్ని క్రూజ్ ఇంకా తిప్పబోతుంది. ఉష్ణోగ్రత 35 లోపు ఉన్నంతసేపూ దాన్ని ముట్టుకోవద్దు. ముందు బండికి 8 నుంచి 10 సెకన్ల దూరం ఉంచండి.

చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. లేచే మంచు చాలాసార్లు నాలుగైదు అడుగుల ఎత్తులోనే ఉంటుంది. క్యామ్రీలో మీ కళ్ళు దాని లోపల ఉంటాయి, వెనకాల వచ్చే ట్రక్కు డ్రైవరు కళ్ళు దాని పైన. ఆయనకి దారి కనిపిస్తూనే ఉంటుంది, మీరే కనపడరు. పగలు వెలిగే ముందు లైట్లని నమ్ముకోకండి, చాలా కార్లలో వాటితో వెనక లైట్లు వెలగవు. స్విచ్ ఆటోలో వదిలేయకుండా చేత్తో హెడ్‌లైట్లు వేయండి. ఆగిన ప్రతి చోటా వెనక లైట్ల మీద పేరుకున్న మంచు తుడవండి. ఎల్ఈడీ లైట్లకి దాన్ని కరిగించేంత వేడి ఉండదు. కనపడకపోతే ఏమవుతుందో 2025 మార్చి 14న గుడ్‌ల్యాండ్ దగ్గర ఇదే ఐ-70 మీద తెలిసింది. ఆ రోజు 71 బండ్లు గుద్దుకుని 8 మంది పోయారు. అది మంచు కూడా కాదు, గాలికి లేచిన దుమ్ము.

ఇప్పుడు గేట్ల సంగతి. కాన్సస్‌లో ఐ-70 ర్యాంపుల దగ్గర రైల్వే గేట్ల లాంటివి ఉంటాయి. కొలరాడో వాళ్ళు తమ వైపు మూసేస్తే బండ్లన్నీ గుడ్‌ల్యాండ్‌లో పేరుకుంటాయి. అక్కడ హోటళ్ళు, ట్రక్కులు ఆపే స్థలం నిండిపోతే కాల్బీలో, అదీ నిండితే హేస్‌లో, ఒక్కోసారి సలైనాలో కూడా గేటు దించేస్తారు. అందుకని మీరున్న చోట ఎండగా ఉన్నా రోడ్డు మూసి ఉండొచ్చు. పిచ్చి రూలు అనిపిస్తుంది గానీ, ముందున్న ఊళ్ళో తలదాచుకునే చోటు లేదని దాని అర్థం. ఆ క్షణంలో ఫోన్ మ్యాప్ మిమ్మల్ని ఏదో పక్కరోడ్డులోకి పంపుతుంది. కౌంటీ మట్టిరోడ్లలో ప్లౌ ఎప్పుడొస్తుందో తెలియదు. రోడ్డు పల్లంగా ఉన్న చోట మంచు నడుముల దాకా కూడుకుంటుంది, మీ వెనక ఇంకో బండి రాదు. గేటు పక్కనుంచి దూరిపోవడం నేరం కూడా. 2019 మార్చి 13న వచ్చిన తుఫానుకి కొలరాడో మైదానాల్లో పెద్ద రోడ్లన్నీ మూసేశారు, కార్లలో చిక్కుకున్నవాళ్ళని బయటికి తేవడానికి నేషనల్ గార్డ్ సైనికులు దిగాల్సొచ్చింది. వాళ్ళంతా కొండల్లో చిక్కుకున్నవాళ్ళు కారు, చదును నేల మీద చిక్కుకున్నవాళ్ళు.

కాబట్టి ప్రయాణం ఇలా మార్చుకోండి. సాయంత్రం బయలుదేరడమే తప్పదనుకుంటే హేస్ దాకా వెళ్ళి పడుకోండి. మీ ఊరి నుంచి 270 మైళ్ళు, నాలుగు గంటల పైన. అసలు మంచిది మర్నాడు పొద్దున్నే ఇంటి దగ్గర బయలుదేరడం. హేస్‌లో, గుడ్‌ల్యాండ్‌లో రెండు చోట్లా డబ్బు వాపసు వచ్చే గదులు ముందే బుక్ చేసి, అక్కర్లేనిది రద్దు చేసుకోండి. గేటు పడ్డ గంటలో ఆ ఊళ్ళలో గది దొరకదు. పొద్దున ఆరింటికి కాన్‌డ్రైవ్ (కాన్సస్ రోడ్లకి), సీఓట్రిప్ (కొలరాడో రోడ్లకి) రెండు సైట్లలో కెమెరా బొమ్మలు చూడండి. మ్యాప్‌లో రోడ్డు రంగు కన్నా కెమెరాలో ట్రక్కులు ఎలా పోతున్నాయో చూడటం మేలు. గుడ్‌ల్యాండ్‌లో గడియారం గంట వెనక్కి వెళుతుంది. డిసెంబరు ఆఖరున అక్కడ నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. మధ్యాహ్నం రెండింటికి, అక్కడి టైములో, గుడ్‌ల్యాండ్ దాటకపోతే ఆ రోజుకి అక్కడే ఆగిపోండి. బర్లింగ్‌టన్ నుంచి లైమన్‌కి 77 మైళ్ళు, మధ్యలో ఉన్నవి చిన్న ఊళ్ళే. హేస్, కాల్బీ, బర్లింగ్‌టన్, లైమన్ నాలుగు చోట్లా పెట్రోలు నింపుకుంటూ, ట్యాంకు సగానికి తగ్గకుండా చూసుకోండి.

దారిలో తెల్లటి గోడలాంటిది ఎదురైతే దానిలోకి వెళ్ళకముందే వేగం తగ్గించండి, వెళ్ళాక బ్రేకు తొక్కితే వెనకవాడు గుద్దుతాడు. లేన్‌లో మాత్రం ఎప్పుడూ ఆగొద్దు. మెల్లగా తర్వాతి ఎగ్జిట్‌లో దిగిపోండి. ఇక కదల్లేక చిక్కుకుపోతే 911కి ఫోన్ చేసి, ఏ దిక్కుగా వెళ్తున్నారో, మైలురాయి నంబరు ఎంతో చెప్పండి. కాన్సస్‌లో ఆ నంబర్లు కొలరాడో సరిహద్దు నుంచి లెక్క, కాల్బీ 53, హేస్ 159 దగ్గర. ప్రతి పది నిమిషాలకీ మైలురాయి చదివే పని నాన్నగారికి అప్పజెప్పండి. చిక్కుకున్నాక కారు దిగి నడవొద్దు. సున్నా డిగ్రీల్లో 15 మైళ్ళ గాలి ఉంటే ఒంటికి అది మైనస్ 19. కప్పుకోని చర్మం అరగంటలో గడ్డకట్టడం మొదలవుతుంది. ఇంజను గంటకి పది నిమిషాలు మాత్రం వేయండి. వేసే ముందు ప్రతిసారీ వెనక సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తవ్వేయండి. అది పూడుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ కారులోకి వస్తుంది. దానికి వాసన ఉండదు, తలనొప్పితో మొదలై నిద్రలో ప్రాణం తీస్తుంది. గాలి కొట్టని వైపు అద్దం వేలెడంత దించి ఉంచండి.

కారులో మడత పార, మనిషికో దుప్పటి, టార్చి, జంపర్ కేబుళ్ళు, చక్రాల కింద చల్లడానికి 20 పౌండ్ల ఇసుక లేదా పిల్లి లిట్టర్ సంచి, యాంటెన్నాకో తలుపుకో కట్టడానికి ఎర్రగుడ్డ ఉండాలి. డిక్కీ తలుపు గడ్డకట్టి తెరుచుకోకపోవచ్చు కాబట్టి పార, దుప్పట్లు లోపలే పెట్టుకోండి. తిండికి చేగోడీలు, పల్లీపట్టీలు, ఖర్జూరాలు మంచివి. పులిహోర, పెరుగన్నం మొదటి పూటకే. నీళ్ళసీసాలు మెడదాకా నింపొద్దు, గడ్డకట్టి పగులుతాయి. అమ్మగారి ఇన్సులిన్ మాత్రం డిక్కీలో పెట్టనే పెట్టకండి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగానే కనిపించవచ్చు గానీ పనిచేస్తుందన్న నమ్మకం లేదు, పారేయాలి. లోపలి జేబులో, ఒంటి వేడికి దగ్గరగా ఉంచుకోవాలి. షుగర్ చూసే మీటరు కూడా అంతే.

ఇక టైర్లు. మీ ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడుంది. సెప్టెంబరు 1 నుంచి మే 31 దాకా, ఐ-70 మీద డెన్వర్ పక్కనున్న మారిసన్ నుంచి డాట్సెరో దాకా, మంచు పడినా పడకపోయినా కొలరాడో చట్టం వర్తిస్తుంది. మీలా ముందు చక్రాలకి మాత్రమే పవర్ ఉన్న కారుకి కనీసం 3/16 అంగుళం గాడి లోతు ఉండి, ఎం ప్లస్ ఎస్ (M+S, బురదకీ మంచుకీ అని) గుర్తో, మూడు శిఖరాల మధ్య మంచురేకు గుర్తో ఉన్న టైర్లు కావాలి. లేదా చైన్లో, వాటికి బదులు ఒప్పుకున్న సాధనమో కారులో ఉండాలి. తప్పితే జరిమానా 130 డాలర్ల పైన, మీ బండి వల్ల రోడ్డు ఆగిపోతే 650 పైన. 3/16 అంటే 6/32. కొత్త టైరు 10/32 దగ్గర మొదలవుతుంది. 38 వేల మైళ్ళ తర్వాత మీది హద్దు మీదో, దాని కిందో ఉండే అవకాశమే ఎక్కువ. కొలిచే గేజి ఆటో పార్ట్స్ షాపులో నాలుగైదు డాలర్లకే దొరుకుతుంది. ప్రతి టైరునీ లోపలి అంచు, మధ్య, బయటి అంచు మూడు చోట్లా కొలిచి, తక్కువొచ్చిన అంకెనే నమ్మండి.

ఎం ప్లస్ ఎస్ గుర్తు చట్టానికి సరిపోతుంది గానీ దాన్ని వేయడానికి మంచు మీద పరీక్ష ఏమీ ఉండదు, గాడి ఆకారాన్ని బట్టి వేసేదే. మంచురేకు గుర్తుకి పరీక్ష ఉంది, అది కూడా గట్టిపడ్డ మంచు మీద ముందుకి లాగే పట్టుకి మాత్రమే. ఐస్ మీద ఎంత దూరంలో ఆగుతుందో దాంట్లో కొలవరు. అయినా తేడా గట్టిదే. మామూలు ఆల్ సీజన్ రబ్బరు 45 డిగ్రీల కిందకి పోయేకొద్దీ బిగుసుకుంటుంది, శీతాకాలపు రబ్బరు మెత్తగానే ఉంటుంది. మీ లోతు 6/32 కన్నా తక్కువ వస్తే మంచురేకు గుర్తున్న ఆల్ వెదర్ టైర్లు నాలుగూ వేయించండి. షాపువాడు ఆల్ సీజన్, ఆల్ వెదర్ ఒకటేనంటే నమ్మకుండా పక్కగోడ మీద గుర్తు వెతకండి. వీటిని వేసవిలో విప్పక్కర్లేదు, కాన్సస్ సిటీ చలికాలానికీ పనికొస్తాయి. రెండే మార్చడం, అదీ ముందు చక్రాలకే, మాత్రం వద్దు. వెనక తోక తిరిగిపోతుంది. చలికి టైరులో గాలి ప్రతి 10 డిగ్రీలకి సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది, బయలుదేరే రోజు పొద్దున చల్లగా ఉన్నప్పుడే చూసి నింపండి.

చైన్లు వేరే మాట. తుఫాను ముదిరితే కొలరాడో చైన్ నిబంధన పెడుతుంది. అప్పుడు మంచి టైర్లున్నా మీ క్యామ్రీకి ఏదో ఒకటి తగిలించాల్సిందే. చక్రానికీ పైభాగానికీ మధ్య ఖాళీ తక్కువున్న కార్లలో లావు చైన్లు బ్రేకు గొట్టాలని కోసేస్తాయి, మాన్యువల్ ఏమంటుందో చూడండి. మీకు గుడ్డతో చేసిన టైరు సాక్సులు నయం. టైరు పక్కన రాసిన సైజు అంకెలకి సరిపోయేవి కొని, ముందు రెండు చక్రాలకి తొడగండి. వేగం గంటకి 30 మైళ్ళు దాటొద్దు. మంచు లేని తారు రాగానే విప్పేయాలి, లేకపోతే కాసేపట్లో చిరిగిపోతాయి. ఇంట్లో గరాజులో ఒకసారి, చేతికి గ్లౌజులు వేసుకునే, తొడిగి చూడండి. చీకట్లో వేళ్ళు కొంకర్లు పోతున్నప్పుడు మొదటిసారి ప్యాకెట్ విప్పేవాళ్ళే రోడ్డు పక్క ఎక్కువ కనిపిస్తారు.

ఎస్‌యూవీ తీసుకున్నా ఇదే లెక్క. నాలుగు చక్రాల పవర్ కదలడానికి, ఎక్కడానికి పనికొస్తుంది. ఆగడానికీ మలుపు తిరగడానికీ ఏమీ చేయదు. అరిగిన టైర్ల ఎస్‌యూవీ కన్నా మంచి టైర్ల క్యామ్రీ నయం. అద్దె కంపెనీల ఒప్పందాల్లో చైన్లు వేయకూడదని తరచుగా ఉంటుంది. సంతకం పెట్టేముందు గేజితో కొలవండి. కొండదారి నడపడం మీకే ఇష్టం లేకపోతే డెన్వర్‌లో కారు వదిలేయొచ్చు. యూనియన్ స్టేషన్ నుంచి బస్టాంగ్ బస్సు ఫ్రిస్కో దాకా వెళుతుంది, అక్కణ్ణుంచి బ్రెకెన్‌రిడ్జ్‌కి సమ్మిట్ స్టేజ్ బస్సు ఉచితం. పెద్దవాళ్ళతో సామాను మోయడం కష్టమే గానీ, తుఫాను రోజున మేం అదే చేయమంటాం.

డెన్వర్‌లో ఒక రాత్రి ఆగండి. ఒకటి, మైదానం దాటిన అలసటతో కొండ ఎక్కకూడదు. రెండు, 5,280 అడుగుల దగ్గర ఒక రాత్రి పడుకుంటే 9,600 అడుగుల బ్రెకెన్‌రిడ్జ్‌లో తలనొప్పి, వికారం కాస్త తగ్గుతాయి. ఎత్తు సంగతి, బీపీ మాత్రల సంగతి బయలుదేరకముందే డాక్టర్‌ని అడగండి. శనివారం పొద్దున పడమరకి, ఆదివారం మధ్యాహ్నం తూర్పుకి స్కీయింగ్ జనం కిక్కిరిసి ఉంటారు, ఆ రెండూ తప్పించుకోండి. రోడ్డు జామైనప్పుడు ఫోన్ మిమ్మల్ని 285వ నంబరు రోడ్డు మీదుగా హూసియర్ పాస్ వైపో, లవ్‌ల్యాండ్ పాస్ మీదకో తిప్పుతుంది. ఆ రెండూ టన్నెల్ కన్నా ఎత్తు. ఐ-70 వదలొద్దు.

టన్నెల్ లోపల రోడ్డు పొడిగా ఉంటుంది, బయటికి రాగానే సిల్వర్‌థార్న్ దాకా 7 శాతం వాలు దిగాలి. టన్నెల్లో వచ్చిన ధైర్యంతో అందరూ అక్కడే తప్పుచేస్తారు. బయటికి రాకముందే వేగం తగ్గించి, గేరు ఎస్ మోడ్‌లో మూడుకి దించండి. బ్రేకు తిన్నటి చోట తొక్కి, మలుపులో వదిలేయండి. జారితే గ్యాస్ మీంచి కాలు తీసి, గుద్దుకుంటామనుకున్న వస్తువుని కాకుండా వెళ్ళాల్సిన వైపు చూస్తూ స్టీరింగ్ తిప్పండి. బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ దడదడలాడితే బ్రేకు మీంచి కాలు తీయకండి, అది దాని పని చేసుకుంటోంది. ప్లౌ వెనకాల ఉంటే అక్కడే ఉండండి, వెనకున్న రోడ్డే బాగుంటుంది. ముందు ట్రక్కులు చిమ్మే బురద ఉప్పునీళ్ళు అద్దాన్ని నిమిషంలో మూసేస్తాయి. మైనస్ 20కి పనికొచ్చే వాషర్ ద్రవం నింపి, పాత వేసవి ద్రవం గొట్టాల్లోంచి పోయేదాకా చిమ్మించండి, ఇంకో గ్యాలన్ లోపల పెట్టుకోండి. కారు పైకప్పు మీద మంచు వదిలేస్తే బ్రేకు వేసినప్పుడు మొత్తం జారి ముందు అద్దం మీద పడుతుంది.

పాపని ఉబ్బు జాకెట్‌తో కార్ సీట్లో కట్టొద్దు. పట్టీ బిగుతుగా ఉన్నట్టే ఉండి, గుద్దుకున్నప్పుడు జాకెట్ నలిగి వదులైపోతుంది. కట్టాక పైన దుప్పటి కప్పండి. అమ్మగారికి చీర కింద ఉన్ని థర్మల్స్, కాలికి గాడి ఉన్న బూట్లు కావాలి. సాక్సుల మీద చెప్పులతో హోటల్ పార్కింగ్‌లో దిగనివ్వకండి. కారు దిగే తొలి అడుగే జారేది. బూటుకి తొడిగే ముళ్ళ పట్టీలు జత 20 డాలర్ల లోపే వస్తాయి.

బ్రెకెన్‌రిడ్జ్‌లో రాత్రి కారు ఆపేటప్పుడు వైపర్లు పైకి లేపి ఉంచండి. తడి పార్కింగ్ బ్రేకు రాత్రికి రాత్రి బిగుసుకుపోతుంది కాబట్టి, చదును చోటు వెతికి పీలో పెట్టి వదిలేయండి. తలుపు అంటుకుపోతే లాగకుండా ముందు లోపలికి నొక్కండి, ఐస్ పగిలి వస్తుంది. అద్దం మీద వేడినీళ్ళు పోయొద్దని నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి.